నిలువు నెర్రెలు

చీకట్లో కూచోవడమే నా ఉద్యోగం.
కళ్ళు చీకటికి మాలిమయ్యేదాకా ఇరవై నిమిషాలు
ఏదీ ముట్టుకోకూడదు.
తలుపు సందులోంచి గీతంత వెలుగు పడినా
మళ్ళీ మొదట్నించీ ఇరవై.
పక్క కుర్చీలో నత్సుమె సణుగుతుంది:
"జీతమిచ్చి మరీ నిద్రపొమ్మంటారు మనల్ని."

సువా సరస్సు ఒడ్డున
మా అమ్మ పట్టు తీసిన మిల్లునే
కడిగి, సున్నం కొట్టి, ఫ్యాక్టరీ చేశారు.
వానపడితే గోడలు ఇంకా పట్టుపురుగుల వాసనే.
ఉడుకునీళ్ళలో గూడు కొస వెతికేవి అమ్మ వేళ్ళు.
నావి చల్లటి పలక అంచు వెతుకుతాయి.

గాలి తోడేసిన ఉక్కు గంగాళంలో
సీజియం ఉప్పు, చిటికెడు థాలియం
ఆవిరై లేచి పలకమీద పేరుకుంటాయి,
గంజి పెట్టి ఆరేసిన బట్టలా తెల్లగా.
ఎక్స్-రే తగిలితే ఆకుపచ్చగా వెలుగుతుంది.
నున్నటిది ఆసుపత్రికి.
పగిలింది చెత్తకి.
ఆ ముద్ర కొట్టే రబ్బరు స్టాంపు నా చేతిలో.

పరీక్షకి సీసపు దువ్వెన ఒకటుంది,
పోనుపోను పళ్ళు దగ్గరవుతాయి.
ఎంత మంచి పలకైనా ఎనిమిదో పన్ను దాటితే
గీతలన్నీ కలిసిపోయేవి
తడికాగితం మీద సిరాలా.

ఆ ఫిబ్రవరిలో గంగాళం తొందరగా చల్లారింది.
పలకనిండా నెర్రెలు.
స్టాంపు ఎత్తాను.
ఎందుకో, ముందు దువ్వెన పెట్టాను.
పదో పన్ను కనిపించింది.
పదమూడు.
పద్దెనిమిది దగ్గర నా కళ్ళమీద నాకే నమ్మకం పోయి
నత్సుమెని లేపాను.
"పద్దెనిమిదే" అంది, ఆవలింత సగంలో ఆపేసి.

కుసాకబె గారు నవ్వలేదు, నమ్మనూ లేదు.
భూతద్దం కింద చాలాసేపు చూసి
నన్నూ చూడమన్నాడు.
తెల్లారుజామున నల్లమట్టిని నెత్తినెత్తుకుని
నేలలోంచి లేచే మంచుసూదులు,
బడికి పోతూ కరకరా తొక్కేవాళ్ళం, అవే!
ఒకదాన్నొకటి తాకకుండా నిలువునా నిలబడి.
ఏ సూదిలో పుట్టిన వెలుగు ఆ సూది వెంటే దిగుతోంది.
పక్కదానిలోకి దూరదామంటే
మధ్యనున్న ఖాళీయే గోడ.

"ఇన్నాళ్ళూ ఎన్ని పారేశాం?" అన్నాడు.
లెక్క నా దగ్గరుంది.
చెప్పలేదు.

ఆ వారమే గడ్డకట్టిన సరస్సు
అర్ధరాత్రి పెద్ద చప్పుడుతో చీలింది.
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మంచు లేచిన గట్టు.
దేవుడు దేవేరి దగ్గరికి నడిచిన దారి అంటారు మావాళ్ళు.
పూజారులొచ్చి, కొలిచి, అది ఏ దిక్కుకి పోయిందో చూసి
పంటెలా ఉంటుందో చెబుతారు.
పగులుకి దణ్ణం పెట్టే ఊళ్ళో
పదకొండేళ్ళు పగుళ్ళకి స్టాంపు కొట్టాను నేను.

తర్వాతైనా సులువు కాలేదు.
ఆ సూదులకి దాహమెక్కువ,
గాలిలో తేమ తాగి తామే కరిగిపోతాయి.
జలుబు చేసి నేను తుమ్మిన పలక
సాయంత్రానికి విరిగిన పాలు.
పైన పొర తొడగడానికే నాలుగేళ్ళు పట్టింది.
పేటెంటు కాగితం మీద కుసాకబె గారి పేరూ
నాకు తెలియని ఇంకో ఇద్దరివీ.
నాకు గోడగడియారం బహూకరించారు,
చీకట్లో మెరిసే ముళ్ళది.
చీకటిగదిలోకి అలాంటిది తేకూడదు.

మొన్న నత్సుమె దగ్గు తగ్గకపోతే
మత్సుమోతో ఆసుపత్రికి తోడు వెళ్ళాను.
"ఊపిరి బిగపట్టండి" అన్నాడు కుర్రాడు.
తెరమీద దాని పక్కటెముకలు,
మూడో ఎముక చాటున నువ్వుగింజంత మచ్చ.
తొందరగా దొరికింది, నయమవుతుంది అన్నారు డాక్టరమ్మ.

బొత్తాలు పెట్టుకుంటూ, నావైపు వంగి,
"ఎన్నో పన్ను?" అంది నత్సుమె.

ఇంకా ఇరవై నిమిషాలు కాలేదు, అన్నాను.