బోటు అడుగు

జువ్వలదిన్నె రేవులో
బోట్లన్నీ నా ముందర బోర్లా పడుకోవాల్సిందే.
రెజిను డబ్బా, గాజుపీచు, ఉప్పుకాగితం,
ఇదీ నా సరంజామా.
జనం బోటు మొహం చూస్తారు,
రంగు, పేరు, ముక్కు మీద పసుపు కుంకం.
నేను కడుపు చూస్తా.

వేట నిషేధం రోజులు. చేతుల్లో వలలు లేవు గనక
నోళ్ళు పనిలోకి దిగినాయి.
రవణమ్మ టీ బంకు కాడ రగడ:
ఉప్పుటేరు మొగలో పెద్దల లేస్తే
ఎదురుగా గుద్దాలా, వాలుగా ఎక్కాలా?

"నలభై రెండేళ్ళు" అన్నాడు ఏకాంబరం.
ఆ లెక్క ఏటికేడు పెరగాలి గదా,
పదేళ్ళుగా నలభై రెండు కాడే
లంగరేసుకొని ఉండాది.

కావలి నించి కారులో వచ్చే కోదండం సారు,
బ్యాంకులో రిటైరై సొంతానికి చిన్న బోటు కొన్న మనిషి,
జేబులోంచి ప్లాస్టిక్కు తొడిగిన సర్టిఫికెట్టు తీశాడు.
చెన్నైలో పదకొండు రోజుల శిక్షణ,
గుండ్రటి ముద్ర, తెరచాప బొమ్మ.
"అలకి చూపించు సారూ, పక్కకి తప్పుకుంటదేమో"
అన్నారెవరో.
సారు చెవులు ఉడికిన రొయ్యలైనాయి.

తరవాత మాట తుఫాన్ల మీదికి మళ్ళింది.
ఒకడి అల తాటిచెట్టంత,
పక్కవాడిది రెండు తాళ్ళు.
సాక్షులెవరయ్యా అంటే అందరూ పోయినోళ్ళే.
పోయినోళ్ళతో పేచీ లేదు,
ఎవరి పక్షానైనా నిలబడతారు,
టీ కూడా అడగరు.

నాకు తెలిసిందల్లా ఇంతే:
ఇసకదిబ్బ రాసుకుంటే గీతలు వరసగా పడతాయి,
రాయి కొరికితే చుక్క పొడిచినట్టు పగులు,
తాడు తిన్న చోట నున్నటి గాడి.
మనిషి ఏమైనా చెప్పుకోవచ్చు,
అడుగు చెప్పేది వేరే.

మొదటేడు సారు బోటు తిరగేస్తే
పిలకాయలు బలపంతో గీకిన పలక.
రెండో ఏడు నాలుగు గీతలు.
ఈ ఏడు ఒక్కటి,
అదీ చివరి క్షణంలో తెలిసి తప్పించినట్టు.
ఆయన నేర్చుకున్నాడని
ఆయనకింకా తెలీదు.

ఏకాంబరం బోటుకి
నేనెరిగిన ఇరవై ఏళ్ళలో దెబ్బన్నది లేదు.
ఈసారి మూడు.
మూడూ కుడి పక్కనే.
మూడింట్లోనూ జెట్టీ రాళ్ళ తెల్లటి పొడి.
దిబ్బలంటే ఏడాదికో చోటికి జరుగుతాయి,
జెట్టీ రాళ్ళు యాడికి పోతాయి?
అప్పుడు గుర్తొచ్చింది,
టీ గ్లాసుకి చాపిన ఆయన చెయ్యి
ఈమధ్య రెండు వేళ్ళు ఎడంగా పోతా ఉండాది.

రాత్రి దీపం పెట్టుకొని పూసేశా.
పాత నీలం దొరక్క, కొత్త నీలంలో కాస్త మసి కలిపి.
డబ్బులు అడగలా.
ఎందుకు అడగలేదని ఆయనా అడగలా.

"నువ్వు చెప్పు ఖాజా,
అందరి బోట్లూ నీ చేతి కిందివే గదా,
నీళ్ళు తెలిసింది ఎవరికి?"

బంకు కాడ ఒక్కసారిగా చెంచాల చప్పుడు కూడా ఆగింది.
సారు సర్టిఫికెట్టు మడవబోయి ఆగాడు.
ఏకాంబరం మెడ పూర్తిగా తిప్పి
ఎడమ కన్నుతో నన్ను చూశాడు.

"నాకేం తెలుసు సామీ,
మూడో అల దాటితే వాంతులు నాకు."

ఒడ్డుకాకి, అన్నారు. నవ్వారు.
నిజమే. పదహారేళ్ళప్పుడు ఒక్కసారి ఎక్కి
బకెట్టు కౌగిలించుకొని తిరిగొచ్చిన వాణ్ణి.
ఎదురుగానా వాలుగానా అన్నది తేలలా,
ఇంకా ఆ బంకు గుంజకే కట్టేసి ఉండాది.

చీకటి పడ్డాక ఏకాంబరం వచ్చాడు,
కాగితంలో చుట్టిన ఎండు సొర.
బోటు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి
కుడి పక్కన అరచేత్తో తడిమాడు.

"ఆ మూడూ కనపడతాయా?"

"కనపడవు."

"నాకూ కనపడలా" అన్నాడు.
కాసేపు ఎవరమూ మాట్లాడలా.
సొర వాసనకి పిల్లి ఒకటి వచ్చి కూర్చుంది.

నిషేధం ఎత్తేసిన తెల్లవారి
ఇంజన్లన్నీ ఒకేసారి దగ్గి గొంతులు సవరించుకున్నాయి.
ఆయన బోటు మొగలోకి పోతా ఉంటే
ఎదురుగా ఎక్కిందో వాలుగా ఎక్కిందో
నురగలో నాకు ఆనలేదు.

ఒకటి మాత్రం తెలుసు.
దాని అడుగున, రంగు కింద,
రెజిను ఆరకముందు పడిన నా బొటనవేలి ముద్ర ఉండాది.
అది నాలుగో అల దాటింది.