మూడో గేరు

పొద్దంత గేరుబాక్సు ఇప్పి బిగించి
రాత్రి స్టీరింగ్ కింద వైరు గుచ్చి
లాప్‌టాప్ ఒళ్ల వెట్టుకొని
"ఇగ తోలు" అన్నడు అంకూస్.

ఎనుక ముప్పై బస్తాల ఇసుక,
మిర్చికి మారుబరువు.
హన్మకొండ పండుకున్నంక
కాజీపేట బ్రిడ్జి మీదికి తీస్కపోయిన.

ఏడేండ్ల సంది సగం ఎక్కంగనే
రెండుకు దించు, రెండుకు దించు అని
బతిమాలే బండి
ఇయ్యాల మూడులనే
గుటక మింగినట్టు ఎక్కింది.
క్లచ్ కోసం లేసిన నా ఎడమకాలు
ఏం జెయ్యాల్నో తెల్వక గాలిలనే ఆగింది.

అంకూస్ తెర మీది గీతలు జూసి
"డీజిలు జర తాగుతదేమో.
నల్లపొగ వస్తే చెప్పు,
పాతది దాసిపెట్టిన, మళ్ల ఎక్కిస్త" అంటున్నడు.
నేను కిటికీల నుంచి చెవి బయటవెట్టిన.
దగ్గు లేదు.
పండ్లు కొరికే సప్పుడు లేదు.

తెల్లారగట్ల కోల్డ్ స్టోరేజీ కాడ
ఓదెలు కుర్చీల కన్ను తెరవకుంటనే
నా బండి మూలుగు గుర్తువట్టి
గేటు కర్ర లేపేటోడు.

ఇయ్యాల మొఖం మీద టార్చి కొట్టి
"ఎవలిదిర బండి?" అన్నడు.

హారన్ కొట్టిన.
అంకూస్ దాన్నొక్కటి ముట్టలే.