మొదటి నీళ్లు

ఇరవై రెండేళ్లుగా ఈ చర్చి బట్టలు నా చేతుల్లోనే నానుతున్నాయి.
నార్ఫోక్ గాలికి ఏదీ తిన్నగా ఆరదు,
ఉప్పు పట్టి, బిరుసెక్కి, అట్టల్లా వస్తాయి.

ఫాదర్ ఆర్డ్ రోజుల్లో అది బలిపీఠం.
ధూపం. ఆరు కొవ్వొత్తులు. ముఖం తూర్పుకి, వీపు మాకు.
పాత్ర తుడిచిన నారగుడ్డ ఇస్తూ గొంతు తగ్గించేవాడు:
"మొదటి జాడింపు నీళ్లు తూములోకి పోనివ్వకు, కెజయా.
మట్టికే పొయ్యి. అందులో ఎవరున్నారో తెలుసుగా."

తెలియదు. పోశాను. క్యాబేజీ మడిలో.

తర్వాత మిస్టర్ స్టానియార్డ్ వచ్చాడు. అది బల్ల అన్నాడు,
మన వంటింటి బల్ల లాంటిదే.
కొవ్వొత్తుల దిమ్మెల్ని లార్టర్ చేపలబండిలో వేసుకెళ్లి అమ్మేశాడు.
అప్పట్నుంచి అన్నదమ్ములు చెరో గుమ్మంలోంచి లోపలికి.
ఒకసారి గోరీ దగ్గర
చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించొచ్చా కూడదా అని
వానలో వాదించుకున్నారు, పెట్టెను తడవనిచ్చి.

"ఉత్త ద్రాక్షారసం. ఎక్కడైనా పారబొయ్యి" అన్నాడు స్టానియార్డ్.

ఇద్దరికీ చెప్పనిది ఒకటుంది.
మరక ఎవరి కాలంలోనైనా అదే మరక,
చన్నీళ్లకి సగం, ఉప్పుకి పావు, మిగతాది ఎండకి.
అయినా ఆ మొదటి బేసిన్ ఎత్తినప్పుడు
నా చెయ్యి తూము వైపు తిరగదు.
మా జాబెజ్ సముద్రంలోనే ఉండిపోయాడు.
మట్టికి చేరాల్సింది ఏదో ఒకటి చేరనీ.

శనివారం కూలి డబ్బులు ఇవ్వడానికి లార్టర్ వచ్చాడు.
"నీ క్యాబేజీకి ఉన్న రుచి ఎక్కడా లేదు" అన్నాడు.
రెండు పీకి ఇచ్చాను,
వేళ్లకున్న మన్ను దులపకుండా.