గడియ పెట్టకు

దాన్ని స్టూడియో అంటే నవ్వొస్తుంది.
అంతకుముందు చెప్పుల కొట్టు.
గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి,
చప్పుడు టేపులో పడుతుందని
ఆగస్టు ఉక్కలో ఫ్యాను ఆపేశారు.
టొలీడో. అరవై ఆరు.
శాక్సాఫోను ఊదినందుకు నాకు పదిహేను డాలర్లు.
వర్నెల్ టిబ్స్‌కి అదీ లేదు.
పాట ఆడితే చూద్దాం అన్నారు.

రాత్రంతా గాజు ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడి
అటునుంచటే వచ్చాడు,
కనురెప్పల మీద తెల్లటి పొడితో.
రికార్డుకి వెనకవైపు పాట
వాళ్ళమ్మ మీద తనే కట్టుకున్నది.
నిజానికి దానికోసమే వచ్చాడు.
ముందు ఇది కానిచ్చేద్దాం అన్నాడు.

"గడియ పెట్టకు, ఆర్లెట్టా,
నేనింకా దారిలోనే ఉన్నాను..."

మూడో చరణంలో, ఆ "దారిలోనే" దగ్గర
గొంతు ఉన్నట్టుండి విచ్చుకుని,
వణికి, లోపలికి జారి,
మళ్ళీ ఎక్కడో పైన తేలింది.
ఆ చోటు మీకూ తెలిసే ఉంటుంది.
ఆ చోటు కోసమే జ్యూక్‌బాక్సుల్లో చిల్లర పోశారు.
యుద్ధానికి పోయే కుర్రాళ్ళు
బస్సు కిటికీల్లోంచి అక్కడిదాకా పాడి ఆగిపోయేవాళ్ళు.
ఒక ప్రొఫెసరుగారు
మూడు తరాల దుఃఖం అని రాశాడు.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.
అది ఆవులింత.

ఆపుకోబోయాడు, దవడ మాట వినలేదు.
ఇంకోసారి తీద్దామని బతిమాలాడు కూడా.
టేపు అయిపోయింది.
ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే లోకం
ఆ ఒక్క ఆవులింతనీ
లెక్క తప్పింది.

తర్వాత పాటలో
అక్కడలాగే ఏడవమన్నారు.
ఆ ఏడాదే వాళ్ళమ్మ పోయింది.
నిజంగానే ఏడ్చాడు, మైకు ముందు, నిలువునా.
అమ్ముడుపోలేదు.
అమ్మ పాట వెనకవైపే ఉండిపోయింది,
ఎవరి సూదీ అటు తిరగలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కార్లకి అద్దాలు పోశాడు.
ఏ రేడియోలో తన పాట మోగినా
ఎదురుగా ఉన్న గాజు
తను చేసిందేమోనని చూసేవాడట.
డబ్బు గురించి అడిగితే
చేత్తో ఈగని తోలినట్టు తోలేవాడు.
తాగినప్పుడు మాత్రం
"నిద్ర లేని మనిషి నోరు తెరిస్తే
దేవుడు కూడా పొరపడ్డాడ్రా" అనేవాడు.

మొన్న మార్చిలో, చర్చిలో, అతని పెట్టె ముందు
పదహారేళ్ళ పిల్ల, క్వినెట్టా అట,
ఆ పాట అందుకుంది.
కళ్ళు మూసుకుని సరిగ్గా అక్కడ
గొంతు విచ్చి, వణికించి, జార్చి, పైకి తేల్చింది.
ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.
చర్చి చర్చంతా భోరుమంది.

ఆవులింత అంటువ్యాధి కదా.
యాభై ఏళ్ళుగా ఆ చోటు వచ్చినప్పుడల్లా
నాకు దవడ లాగుతుంది.
టోపీ అడ్డం పెట్టుకున్నాను గాని
ముందు వరసలోంచి ఆర్లెట్టా
నల్ల ముసుగు కిందనుంచి వెనక్కి తిరిగి చూసింది.
ఆమె నోరూ తెరుచుకునే ఉంది.
రుమాలు అడ్డం పెట్టుకుంది.
భుజాలు కదులుతున్నాయి.

పాపం, ఎంత కుమిలిపోతోందో
అన్నారు నా పక్కన.