మరి

బైరాగిపట్టెడలో మేడమీది గది.
కింద ఇడ్లీపిండి రుబ్బే యంత్రం చప్పుడు.
పైన నేను, గ్రీకు నిఘంటువు, ఒక్క మాట:
గార్.
ఇంటామె విని "ఏ గారమ్మా?" అంది.
గారు కాదక్కా, గార్. ఎందుకంటే అని అర్థం.
"ఎందుకంటే?" అని గడపలో నిలబడింది
మిగతాది చెబుతానేమోనని.
మిగతాది లేదు. నా పరిశోధనంతా అదే.

నాలుగు సువార్తల్లోకీ చిన్నది.
తెల్లవారగానే ముగ్గురు ఆడవాళ్లు
సుగంధాలు పట్టుకుని సమాధికి పోతారు.
దేహం ఉండదు. వణుకుతూ బయటికి పరుగెత్తుతారు.
ఎవరికీ ఏమీ చెప్పరు. భయం,
గార్.
పాత ప్రతుల్లో మరీ పాతవి అక్కడే ఆగిపోతాయి.
తర్వాతి లేఖకులు ఊరుకోలేదు.
ఒకడు నాలుగు ముక్కలు అతికించాడు,
ఇంకొకడు ఏకంగా పన్నెండు వచనాలు,
పాముల్ని పట్టుకున్నా విషం తాగినా ఏమీ కాదని.
పండితులది వేరే పేచీ:
ఆ మాటతో ఏ పుస్తకమూ ముగియదు,
ఆఖరి పుట ఎక్కడో రాలిపోయి ఉంటుంది.

ఆ సందేహం మోసుకుని తాళపత్రాల గదికి వెళ్లాను.
శఠగోపం గారు నిమ్మగడ్డి నూనె పూస్తూ తలెత్తలేదు.
"ముందు పోయేది చివరాకేనమ్మా,
కట్టకి అంచున ఉంటుంది, దెబ్బంతా దానికే.
కానీ పోయిందని నువ్వనుకోవడం వేరు, పోవడం వేరు."
వేళ్లు తుడుచుకుని ఒక ఆకు వెలుగుకి పట్టాడు.
"ఇది చూడు. ఇక్కడ ఆపేశాడు.
ఆకులో ఇంకా జానెడు జాగా ఉంది."

పెనుమూరు దాటినాక మా పేట.
మా అవ్వ పేరుకే రెండు పాఠాలు:
చర్చి రిజిస్టర్లో లోయిసమ్మ, రేషన్ కార్డులో మునెమ్మ.
ఏది మూలమే అంటే
"ఏది పిలిచినా పలుకుతా పో" అంటుంది.
ఆమెకున్నది ఒకటే కథ, పొయ్యి ముందర చెప్పేది.
తాతని పూడ్చిన మూడోనాడు, చీకటుండగానే,
తానూ తోడికోడలూ, ఎదురింటి సుశీలమ్మా
పూలూ బొరుగులూ కొంగున కట్టుకుని బొందలగడ్డకి పోయినారు.
గోరీ లేదు.
రాత్రికి రాత్రే దున్నేసి ఉంది.
చెరుకు ముచ్చెలు నాటి, తడి కట్టి ఉంది.
"ఎవురికీ చెప్పలా మేము.
బయమేసింది మరి."
అంతే. కట్టె లోపలికి తోస్తుంది.

మా చిన్నాన్న ఊరుకోడు.
అర్జీ పెట్టినాం, తాసిల్దారు దిగినాడు,
సర్వేయరు గొలుసు పట్టినాడు, హద్దురాళ్లు పాతించినాడు.
క్రిస్మస్‌కి క్రిస్మస్‌కీ ఒక రాయి పెరుగుతుంది.
అవ్వ అవుననదు, కాదనదు.
ఒక్కసారి మాత్రం, అతను లేనప్పుడు,
"ఆ యేడు ఆ బెల్లం మనింటికీ వచ్చిందిలే,
కూలి కింద" అంది.
మా శాస్త్రంలో ఒక సూత్రం ఉంది:
రెండు పాఠాల్లో మింగుడుపడనిదే పాతది.

మా గైడు అడుగుతాడు,
ఎవరికీ చెప్పకపోతే ఈ సంగతి మనదాకా ఎలా వచ్చిందని.
అధస్సూచికలో అవ్వని పెట్టకూడదట.
పుట సంఖ్య కావాలట.

రాత్రి పదకొండుకి ఫోన్ చేశాను.
అవ్వా, ఆ మాట తర్వాత ఇంకేమన్నా ఉండాదా?
చాలాసేపు చిటపట.
"ఉంటే నీకు చెప్పనా" అంది.
నేను పెట్టేయబోతుంటే, గొంతు తగ్గించి,
పక్కన ఎవరో వింటున్నట్టు:
"చెరుకు ఇంకా ఆడనే ఉండాది మరి."