అర వణుకు

బాసెల్‌లో ఫిబ్రవరి. సోమవారం తెల్లవారుజాము మూడు దాటింది.
నేలమాళిగలో నేనూ, బేయాట్ గీసిన్ గారూ.
ఊరంతా ముసుగులు సర్దుకుంటోంది,
మేం స్క్రూలు సర్దుకుంటున్నాం.

గాలి తోడేసిన పెట్టెలో ఒక డోలు.
డోలంటే నవ్వకండి.
చదరపు పొర, గోరు మీది తెల్లమచ్చంత;
మందమంటారా, వెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒకటి.
ఎవరూ కొట్టకుండానే ఊగుతుంది, సెకనుకి మూడు లక్షల సార్లు,
వేడి అనే పోకిరి వేళ్ళకి.
దాన్ని చట్రానికి అతికించింది గీసిన్ గారే,
ఆరేళ్ళ కిందట,
ఆయన చేతులు ఇంకా ఆయన మాట వింటున్న రోజుల్లో.

కారిడార్ అవతల, రెండు గోడలు దాటి, మరో గది.
అక్కడ రుబీడియం పరమాణువులు,
కొన్ని కోట్ల మంది కలిసి ఒక్క మబ్బు తునక,
లేజర్ల నడుమ చలికి ముడుచుకుని కూర్చున్నారు.
తూకం వేస్తే ఈ డోలు ఏనుగు, ఆ మబ్బు దోమ.
ఆ దోమ ఈ ఏనుగుని జోకొట్టాలి.
అదీ మా పని.

మధ్యన ఉన్నది వెలుతురు ఒక్కటే.
డోలు తన వణుకు వెలుతురుకి చెబుతుంది,
వెలుతురు మోసుకెళ్ళి మబ్బుకి చెబుతుంది,
మబ్బు కాస్త కదిలి, ఆ కదలికని తనలోనే చల్లార్చుకుని
విన్నానని తిరుగు కబురు పంపుతుంది.
కబురు వేళకి అందితే డోలు నెమ్మదిస్తుంది.
అందకపోతే?
ఆలస్యం అమృతం విషం. ఇక్కడ అది సామెత కాదు, కొలత.
రవ్వంత జాగైతే చాలు,
ఓదార్చబోయిన చెయ్యే తోసేస్తుంది.
కిందటి వారమంతా డోలు రెచ్చిపోతూనే ఉంది.

నాలుగు కొట్టింది.
ఊళ్ళో దీపాలన్నీ ఒక్కసారి ఆర్పేసి ఉంటారు,
కిటికీ లేని మాకు కనబడదు.
కనబడింది తెర మీద:
ముందు గడ్డిపరకల్లా, తర్వాత ముళ్ళకంపలా,
డోళ్ళు, వందల డోళ్ళు,
రాతి వీధుల్లోంచి పునాదుల్లోకి, పునాదుల్లోంచి బల్ల కాళ్ళలోకి.
అద్దాల మధ్య కుదిరిన పట్టు ఊడిపోయింది.
నేను తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాయను.

ఆయన మాత్రం తెరకి దగ్గరగా జరిగారు.
"ఇదిగో, మా దండు," ఒక ముల్లుని చూపిస్తూ,
"మూడో దెబ్బ ఎప్పుడూ తొందరే. మా సెరైనా."
మేనకోడలు.
నలభై ఒక్కేళ్ళు ఆయన మోసిన డోలు
ఈ ఏడు ఆ పిల్ల భుజాన ఉంది.
ఇచ్చెయ్యమని ఎవరూ అనలేదు,
పుల్లలు గుడ్డలో చుట్టి ఆయనే ఇచ్చేశారు.

దండు ఏదో మలుపు తిరిగింది. ముల్లు వాడిపోయింది.
పట్టు మళ్ళీ చిక్కింది.
జాగుని సరిదిద్దే మరని ఇంకో చిటికెడు తిప్పాను,
తెర మీద శిఖరం దిగడం మొదలెట్టింది,
పొంగే పాల మీద నీళ్ళు చల్లినట్టు
అణిగింది.

"ఆగిపోయిందా?"
ఆగదండీ, అన్నాను.
ఎంత చల్లార్చినా, అట్టడుగు మెట్టు మీద కూడా
అర వణుకు మిగులుతుంది.
అది జబ్బు కాదు, ఉండటమే అంత.
మనమింకా ఆ మెట్టుకి చాలా పైన ఉన్నాం,
అది కూడా చెప్పాలి కాబట్టి చెప్పాను.
ఆయన తన చేతులకేసి చూసుకుంటారనుకున్నాను.
చూసుకోలేదు. గడియారం చూసి,
పిండి సూప్ చల్లారిపోతుందన్నారు.

ఏడింటికి రైన్ నది మీద పడవెక్కాం.
దానికి ఇంజన్ లేదు, తెడ్డు లేదు.
పైనున్న తీగకి వేలాడుతూ,
పారే నీళ్ళనే ఆనుకుని అడ్డంగా దాటిపోతుంది.
"నీ వెలుతురు చేసేదీ ఇదేనా?"
ఇంచుమించు, అన్నాను.

ఫ్లాస్కు మూతలో సూప్ పోసుకున్నారు.
మూత వణికింది.
కొంచెం నదిలో పడింది, కొంచెం నా బూటు మీద.
ఆయన అవతలి ఒడ్డుకేసి చెవి పెట్టి ఉన్నారు.
"మూడో దెబ్బ," అన్నారు,
"ఇంకా తొందరే."