కొసరు

ఫిజిక్స్ ల్యాబుల అటెండర్ని నేను.
లోలకం ఊగుతుంటే పిల్లలు లెక్కవెట్టే గడియారం
ఆ పొద్దు నా మెడల ఏసిన్రు.
టైం చూసేటాయన మౌలాలి కాడ
స్కూటర్ పంచరై ఆగిపోయిండట.
"గుండీ నొక్కుడే గద మల్కయ్యా" అన్నడు పీడీ సారు.

లాలాగూడ రైల్వే గ్రౌండు. కాలేజీల సెమీఫైనల్.
గడ్డి కంటె మొరం ఎక్కువ.
గోడ మీద వర్క్‌షాపోళ్లు కాళ్లు యాలాడేసి
ఎవలు ఉరికితే వాళ్ల దిక్కు.

గడియారం సంగతొకటి చెప్పాలె.
నిమిషానికి ఒక సెకను ఎనుకవడ్తది.
ల్యాబుల అందరికీ ఎరుకే,
రికార్డు బుక్కుల చివరి గడి దానికోసమే,
సవరణ అని రాసి కలుపుకుంటరు.
గ్రౌండుల ఆ గడి ఎవడు గీస్తడు?

మొదటి సగం ఇంక ఇరవై సెకన్లుందనంగ
మా డెన్నిస్ కొట్టిండు గోలు.
నేను ఎగిరిన. నా ఛాతి మీద గడియారం ఎగిరింది.
మనోడు కొట్టినప్పుడు
ఏ సవరణలు యాదికొస్తయి?

రెండో సగంల బాలు గోడ దాటి
గూడ్సు పెట్టెల కిందికి పోయింది.
పిలగాడు దేవులాడి తెచ్చేదాంక
గుండీ నొక్కి వట్టుకున్న, మళ్ల ఇడిసిన.
అండ్ల తప్పు లేదు. ఒట్టు.

ఇగ సైరను కూసింది.
రెఫరీ విజిలు కాదు, వర్క్‌షాపు సైరను,
షిఫ్టు ఇడిసేది.
మావోళ్లు నిలవడ్డరు.
గోలీ ఒక గ్లోవు ఇప్పిండు సుత.
గోడ మీదోళ్లు దిగి సైకిళ్ల దిక్కు పోతున్నరు.
ఆగంది ఒక్కడే,
బార్కస్ పిలగాడు అవద్,
మోకాలుకు పాత చున్నీ పేలిక కట్టుకున్నోడు.
మడిమెతోని జర నెట్టిండు.
బాలు నిమ్మలంగ
పోవాల్నా వద్దా అన్నట్టు
లోపలికి పోయింది.

నా గడియారంల ఇంక పది సెకన్లున్నయి.

"సైరనైంది" అని మావోళ్లు.
"సైరను నీ అయ్య ఊదిండా" అని వాళ్లు.
రెఫరీ పాల్‌రాజు చేతి గడియారం
చెమటకు ఎప్పుడో ఆగింది.
ఆ సంగతి ఆయన ఎవలకు చెప్పలె,
నా దిక్కు నడిసొస్తుంటే మొకంల కనవడ్డది.
"ఎంతుండె మల్కయ్యా?"

పది, అనాలె.
అప్పుడొచ్చింది సవరణ యాదికి.
ముప్పై ఐదు నిమిషాలకు ముప్పై ఐదు సెకన్లు.
లెక్క ప్రకారం ఆట అప్పటికే ఒడిసింది.
అబద్ధం కాదు,
ఏ లెక్చరరు దిద్దినా నిండ మార్కులే.
"అయిపోయింది సార్" అన్న.
అని, ఎవ్వలు అడగకముందే
ముల్లును సున్నాకు తెచ్చిన.

అదే లెక్కల డెన్నిస్ గోలు సుత లేదు.
ఆ ముచ్చట
గడియారం తుడిసి డబ్బల పెడ్తుంటె తెలిసింది.
తెలిసిందంటే...
గ్రౌండులనే తెలుసు.

ఫైనల్ల మూడు గోల్స్ తిని ఓడినం.
అదేం శిక్ష కాదు. వాళ్లు మంచిగ ఆడిన్రు.

పద్దెనిమిదేండ్లకు
బార్కస్ల జాంపండ్ల బండి కాడ ఆగిన.
మోకాలు మీద చెయ్యేసి లేసే తీరు జూసి
గుర్తువట్టిన. వాడు వట్టలె.
కిలో తూకిండు.
ముల్లు నడుమల నిలవడ్డంక
అడగకుండనే ఇంకో పండు సంచిల ఏసిండు.
"ఇదెందుకు?"
"కొసరు చాచా. కాంటా పాతది,
జర తక్కువ తూగుతది. నాకెరుకే గద."

చెప్దామని నోరు తెరిసిన.
ఎనుకున్న ఆమె అర్ధకిలో అని
నా భుజం మీదికెళ్లి పైసలు చాపింది.

ఫలక్‌నుమా దాంక బస్సుల
సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్న.
ఒక్కొక్కటి బయటికి తీసి చూసిన.
అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి,
దోరగ, మచ్చలతోని.
వాడు పైనేసిన పండు ఏదో
తెలుస్తలేదు.